చీకటి హాలుకి అద్దం: ప్రగతినగర్ ఫ్లాట్‌లో ఎక్కడ పెట్టాం, ఎక్కడ వద్దన్నాం

హైదరాబాద్‌లో నిజాంపేట, ప్రగతినగర్ వైపు పదేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ఒకటే జబ్బు. ప్లాన్‌లో చూస్తే హాలుకి బాల్కనీ ఉంటుంది, తూర్పు ముఖం ఉంటుంది, గాలీ వెలుతురూ ధారాళంగా వస్తాయని బ్రోషర్‌లో రాసి ఉంటుంది. ఇంట్లో అడుగుపెడితే మాత్రం పగలు పదకొండింటికి కూడా ట్యూబ్‌లైట్ వెలుగుతూ కనపడుతుంది. తప్పు ఇంట్లో ఉండదు. పక్క ప్లాటులో ఇంకో అంతస్తు ఎక్కువ వేసి లేపిన బిల్డింగ్ వెలుతురంతా ఆపేస్తుంది.

ఈ కేసు అలాంటి ఫ్లాట్‌దే. రెండో అంతస్తు, రెండు బెడ్‌రూములు, సుమారు 1150 చదరపు అడుగులు, రీసేల్‌లో కొన్నది. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. యూకేజీ చదివే బాబు. తెనాలి నుంచి వచ్చి వీళ్ల దగ్గరే ఉంటున్న ఇంటాయన తల్లి, మామ్మగారు. కిచెన్, వార్డ్‌రోబ్‌లు, రంగులు కూడా నేనే చేశాను గానీ ఇక్కడ రాస్తున్నది అద్దాల సంగతి ఒక్కటే, ఎందుకంటే నన్ను పిలిచిందే ఆ మాట మీద. "హాలు ఇరుగ్గా, చీకటిగా ఉంది మేడమ్. డైనింగ్ వెనక గోడ మొత్తం అద్దం పెట్టించేయండి, డబుల్ సైజు కనపడుతుంది" అన్నారు ఇంటాయన. ఫోన్‌లో ఒక రీల్ కూడా చూపించారు.

ఆ రీల్‌ని మధ్యలో ఆపి, అద్దంలో ఏముందో చూడమన్నాను. నేల నుంచి సీలింగ్ దాకా గాజు కిటికీ, దాని బయట పచ్చటి లాన్. అద్దం ఆ లాన్‌నే ఇంకోసారి చూపిస్తోంది. మన డైనింగ్ గోడకి అద్దం పెడితే అందులో ఏం కనపడుతుందని అడిగాను. ఆయన బాల్కనీ వైపు తిరిగి చూశారు. పక్క బిల్డింగ్ గోడ, దాని మీద రెండు బాత్రూం వెంటిలేటర్లు, డ్రైనేజీ పైపులు, ఒక ఏసీ అవుట్‌డోర్ యూనిట్, తీగ మీద ఆరేసిన బట్టలు.

ఇల్లు ఉన్న తీరు

హాలు తూర్పు పడమరలుగా పొడుగ్గా ఉంటుంది. 20 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. తూర్పు చివర బాల్కనీ, పడమటి చివర డైనింగ్. మెయిన్ డోర్ ఉత్తరం గోడకి, డైనింగ్ పక్కనే. టీవీ కూడా ఉత్తరం గోడకే, నడిమధ్యలో. దానికి ఎదురుగా దక్షిణం గోడకి సోఫా. డైనింగ్ దగ్గర నుంచి మూడున్నర అడుగుల పాసేజ్ బెడ్‌రూముల వైపు వెళ్తుంది. ఇంత జాగాకీ వేరే కిటికీ లేదు. వెలుతురు రావాలంటే బాల్కనీ స్లైడింగ్ డోర్‌లోంచే రావాలి.

బాల్కనీ గ్రిల్‌కీ పక్క బిల్డింగ్ గోడకీ మధ్య దూరం 12 అడుగులు. ఒక్కటే అదృష్టం: ఆ బిల్డింగ్ మన దక్షిణం గోడ దాటాక కొద్ది దూరంలోనే ఆగిపోయింది. బాల్కనీకి దక్షిణం పక్క కూడా గ్రిల్లే, గోడ కాదు. ఆ మూల నిలబడి ఆగ్నేయంగా చూస్తే రోడ్డు పక్కన ఉన్న కానుగ చెట్టు, దాని మీద కొంత ఆకాశం కనపడతాయి. ఈ ఇంటికున్న మంచి వ్యూ అంతా ఆ సందులోనే ఉంది. ఇల్లు కొన్నవాళ్లు కూడా దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, ఎందుకంటే హాల్లో ఎక్కడ కూర్చున్నా అది కనపడదు.

వెలుతురు బాల్కనీ నుంచి ఏడెనిమిది అడుగుల వరకు బాగానే ఉంది. టీవీ దాటాక తగ్గిపోతుంది. డైనింగ్‌కి వచ్చేసరికి, రోజూ పొద్దున అక్కడే కూర్చుని పేపర్ చదివే మామ్మగారికి లైటు వేసుకోక తప్పదు. ఫోన్‌లో వెలుతురు కొలిచే యాప్‌లు ఉన్నాయి. ఒకే ఫోన్‌తో ఈ మూలకీ ఆ మూలకీ పోల్చడానికి పర్లేదు గానీ వాటి అంకెల్ని నేను పెద్దగా నమ్మను. ఈ ఇంట్లో మాకు కొలబద్ద మామ్మగారి పేపరే. లైటు లేకుండా ఆవిడ ఎన్ని గంటలకి చదవగలిగితే అంత.

అద్దం జోలికి వెళ్లక ముందే కొన్ని పనులు చేశాం. బాల్కనీ డోర్‌కి ఉన్న మెరూన్ రంగు దళసరి కర్టెన్ తీసేసి పల్చటి తెల్లది వేశాం. కర్టెన్ రాడ్‌ని డోర్ కంటే రెండు వైపులా అడుగు ఎక్కువ పొడుగు పెట్టాం, కర్టెన్ పక్కకి లాగినప్పుడు గాజు మీద కాక గోడ మీద ఆగేలా. సీలింగ్‌కి తెలుపు, గోడలకి లేత క్రీమ్. టీవీ వెనక ఉన్న ముదురు గోధుమ రంగు ప్యానెల్‌ని మార్చేశాం. ఈ పనులు పూర్తయిన నాడే హాలు సగం తేలికపడింది. ఆ ఘనత అద్దానికి కట్టబెట్టడం అన్యాయం అవుతుంది. అద్దం పెట్టిన తర్వాతి ఫొటోలు చూసి మురిసిపోయేవాళ్లు ఆ ఫొటోకి ముందు ఆ గదికి రంగు కూడా వేశారని గమనించరు.

ఎదుటి గోడ ఎందుకు వద్దన్నాను

కిటికీకి ఎదురుగా అద్దం పెడితే వెలుతురు రెట్టింపు అవుతుందని అందరూ చెబుతారు. రెట్టింపు కాదు గానీ, చిన్న గదిలో, కిటికీ బయట ఆకాశం ఉంటే కొంత నిజమే. ఇక్కడ కిటికీకీ ఎదుటి గోడకీ మధ్య 20 అడుగులు. అంత దూరం వచ్చేసరికి వెలుతురే పల్చబడిపోయింది. అద్దం తనంతట తాను ఏమీ పుట్టించదు, తన మీద పడ్డదాన్నే తిప్పి పంపుతుంది. పడేదే తక్కువైనప్పుడు, గోడంతా అద్దం పరిచినా వెనక్కి వచ్చేది తక్కువే. పైగా వచ్చే ఆ కాస్తా మళ్లీ బాల్కనీ వైపుకే పోతుంది.

ఇంకో సంగతి. మంచి తెల్ల పెయింటు తన మీద పడ్డ వెలుతురులో నూటికి ఎనభై దాకా తిరిగి ఇస్తుంది. మంచి వెండి పూత అద్దం తొంభైకి అటూ ఇటూ ఇస్తుంది. అంటే తెల్ల గోడకీ అద్దానికీ ఎంత ఇస్తాయన్న దానిలో పెద్ద తేడా లేదు. తేడా అంతా ఎటు పంపుతాయన్న దానిలో ఉంది. గోడ అన్ని వైపులకీ చెదరగొడుతుంది. అద్దం వచ్చిన కోణంలోనే అవతలి వైపుకి పంపుతుంది. అందుకే వెలుతురు ఇంకా చిక్కగా ఉన్న చోట, అంటే బాల్కనీకి దగ్గరగా, పక్క గోడ మీద అద్దం పెడితే ఏటవాలుగా వచ్చిన వెలుతురు ఏటవాలుగానే లోపలికి, డైనింగ్ వైపుకి వెళ్తుంది. ఎదుటి గోడ మీద ఉన్న పెద్ద అద్దం కంటే ఈ చిన్న అద్దం ఎక్కువ పని చేస్తుంది.

ఫ్రాన్స్‌లో వెర్సాయ్ ప్యాలెస్ అద్దాల హాలు అందరికీ ఫొటోల్లో తెలిసిందే. 1678లో మొదలుపెట్టి 1684లో ముగించారు. 357 అద్దాలు. వాటిని పెట్టిన 17 తోరణాలు సరిగ్గా 17 కిటికీలకి ఎదురుగా ఉంటాయి, ఆ కిటికీల బయట రాజుగారి తోట. అంత ఖర్చు పెట్టి వాళ్లు చూపించింది అద్దాన్ని కాదు, తోటని. మన తిరుమలలోనే చూడండి, అద్దాల మండపంలో డోలోత్సవం జరుగుతున్నప్పుడు చుట్టూ ఉన్న అద్దాల్లో ఎటు చూసినా ఊయల మీద ఉన్న స్వామే, దీపాలే. మధ్యలో స్వామి ఉన్నారు కాబట్టి ఆ అందం. క్లయింట్లతో ఈ రెండు ఉదాహరణలే చెబుతాను, త్వరగా అర్థమవుతుంది. అద్దం ఎంత పెద్దది అని కాక, దాని ఎదురుగా ఏముంది అని అడగడం మొదలుపెడతారు.

కుర్చీ కుర్చీకీ కూర్చుని చూడటం

గోడ తేలింది, ఉత్తరం గోడ, బాల్కనీకి టీవీకీ మధ్య. అందులో కచ్చితంగా ఎక్కడ అన్నది కాగితం మీద తేలదు. వాళ్ల పాత డ్రెస్సింగ్ టేబుల్ అద్దాన్ని ఊడదీయించాను. ఒకటిన్నర అడుగు వెడల్పు, మూడడుగుల ఎత్తు. కార్పెంటర్ దాన్ని గోడకి ఆనించి పట్టుకుంటే, నేను మామ్మగారి డైనింగ్ కుర్చీలో కూర్చున్నాను.

మొదట బాల్కనీ డోర్‌ని ఆనుకుని పెట్టించాను. అద్దంలో ఏసీ యూనిట్, పైపులు. ఒక అడుగు టీవీ వైపు జరపమన్నాను. పైపులు పోయి పక్క బిల్డింగ్ మూల వచ్చింది. ఇంకో అడుగు జరిపేసరికి అద్దంలో కానుగ చెట్టు కొమ్మలు. కార్పెంటర్‌కి తను పట్టుకున్న అద్దంలో ఏముందో కనపడదు కదా, "ఇక్కడేముంది మేడమ్, గోడే కదా" అంటాడు. అతన్ని పిలిచి నా కుర్చీలో కూర్చోబెట్టి, నేను వెళ్లి అద్దం పట్టుకున్నాను. తర్వాత నేను చెప్పకుండానే అంగుళం అంగుళం జరపడం మొదలుపెట్టాడు.

చూసేవాళ్లకి దగ్గరగా జరిగేకొద్దీ అద్దం దక్షిణం వైపు ఎక్కువ చూపిస్తుంది, దూరంగా జరిగేకొద్దీ సూటిగా తూర్పు వైపు చూపిస్తుంది. మనకి కావాల్సింది ఆగ్నేయం మూల. దానికి తగ్గట్టు అద్దాన్ని టీవీ వైపు లాగితే టీవీ యూనిట్ అడ్డొచ్చింది. యూనిట్ తూర్పు వైపు చివర ఉన్న ఓపెన్ షెల్ఫ్ కోసేశాం. ఇంటావిడకి అది కొంచెం బాధే, అక్కడ షోపీసులు పెట్టుకోవాలని అనుకున్నారు.

తర్వాత సోఫాలో కూర్చుని చూశాం. అక్కడి నుంచి అద్దం సగంలో బాల్కనీ దక్షిణం గ్రిల్, మిగతా సగంలో ఎదుటి దక్షిణం గోడ. ఆ గోడ దగ్గర రెండు వాటర్ క్యాన్లు, బాబు సైకిల్, ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టల మూట ఉన్నాయి. అద్దం పెడితే అవి నాలుగు క్యాన్లు, రెండు సైకిళ్లు అవుతాయని చెప్పాను. క్యాన్లు యుటిలిటీలోకి, బట్టలు బెడ్‌రూమ్‌లోకి వెళ్లాయి. సైకిల్ మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు, ఇప్పటికీ అక్కడే ఉంది. బాల్కనీలో చెదురుమదురుగా ఉన్న కుండీలన్నీ దక్షిణం మూలకి చేర్చి గుంపుగా పెట్టాం. బయట నుంచి చూస్తే ఒక పక్కకి ఒరిగినట్టు ఉంటుంది గానీ లోపల కూర్చున్నవాళ్లకి అద్దం నిండా ఆకులే.

మెయిన్ డోర్ కూడా అదే ఉత్తరం గోడకి ఉంది కాబట్టి గుమ్మంలోంచి వచ్చేవాళ్లకి అద్దం ఎదురుపడదు. వాస్తు ప్రకారం గుమ్మానికి ఎదురుగా అద్దం ఉండకూడదని మామ్మగారి పట్టు. అద్దం ఉత్తరం గోడకో తూర్పు గోడకో అయితే మంచిదని వాళ్ల సిద్ధాంతిగారు చెప్పారట. మనం పెట్టింది ఉత్తరమే. నేను వాస్తు మీద వాదన పెట్టుకోను. ఇంట్లో ఉండేవాళ్లకి రోజూ మనసులో పీకుతూ ఉండే అద్దం ఎంత బాగున్నా నెల తిరిగేలోపు దాని మీద బెడ్‌షీట్ కప్పేస్తారు. అది నేను చూసిందే.

ఎండ సంగతి

బాల్కనీ దగ్గర అద్దం అంటే ఎండ లెక్క చూసుకోవాలి. హైదరాబాద్‌లో డిసెంబర్ చివర సూర్యుడు తూర్పుకి దాదాపు 25 డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. జూన్‌లో అంతే మేర ఉత్తరంగా. అంటే ఉత్తరం గోడ మీది అద్దానికి నేరుగా ఎండ తగిలేది చలికాలంలోనే. వేసవి పొద్దుల్లో ఎండ దక్షిణం గోడ మీద పడుతుంది, అద్దం జోలికి రాదు. ఇది మనకి కలిసొచ్చింది. వేసవిలో ఎవరూ ఇంట్లోకి ఎండ తిప్పుకోవాలని కోరుకోరు, చలికాలంలో కాస్త పడినా ఎవరికీ అభ్యంతరం ఉండదు.

అభ్యంతరం ఒక్క విషయంలోనే. అద్దం మీద పడ్డ ఎండ సోఫాలో కూర్చున్నవాళ్ల కళ్లలో కొడుతుంది. ఆ సందులోంచి సూర్యుడు కనపడే కాసేపే అయినా, టీవీ చూస్తున్నప్పుడు పక్కనే అంత మెరుపు ఉంటే చిరాకే. పల్చటి కర్టెన్ అందుకే ఉంచాం, తీసేయలేదు. అది వేస్తే మెరుపు పోయి వెలుగు మిగులుతుంది.

రాత్రి సంగతి కూడా ముందే ఆలోచించాలి. పగలు చెట్టుని చూపించిన అద్దం రాత్రికి నల్లటి చతురస్రం అవుతుంది. పైగా సీలింగ్‌లో ఉన్న స్పాట్‌లైట్లు అందులో పడి కళ్లకి గుచ్చుకుంటాయి. అద్దం ముందున్న ఒక స్పాట్‌లైట్‌ని ఆఫ్ చేసి వేరే స్విచ్‌కి కలిపించాను. దక్షిణం గోడ మీద, సోఫా పక్కన, గుడ్డ షేడ్ ఉన్న వాల్ ల్యాంప్ ఒకటి పెట్టాం. కోఠి ట్రూప్ బజార్‌లో దొరికిన మామూలు ల్యాంపే. రాత్రి అద్దంలో కనపడేది అదే.

గాజు, కొలత, బరువు

అద్దం నాలుగడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు. కింది అంచు నేల నుంచి రెండున్నర అడుగుల పైన, పై అంచు ఏడడుగుల దగ్గర, డోర్ ఫ్రేమ్ పైభాగానికి సమంగా. సోఫాలో కూర్చున్న మనిషి కన్ను సుమారు మూడున్నర నుంచి నాలుగు అడుగుల ఎత్తులో ఉంటుంది, నిలబడితే ఐదడుగుల దగ్గర. ఇద్దరికీ సరిపోయింది. నేల దాకా దింపమని ఇంటాయన అడిగారు. యూకేజీ బాబు, వాడి సైకిల్, రెండూ ఉన్న ఇంట్లో కుదరదని చెప్పాను.

మందం 5 ఎంఎం. గాజు బరువు లెక్క చాలా తేలిక: చదరపు మీటరుకి, ఎంఎం మందానికి రెండున్నర కిలోలు. మన అద్దం 18 చదరపు అడుగులు, అంటే దాదాపు 1.67 చదరపు మీటర్లు. ఇరవై ఒక్క కిలోలు. 3 ఎంఎం అద్దం చవక, కానీ ఇంత సైజులో అది వంగుతుంది, మొహం సాగినట్టు కనపడుతుంది. గ్లాస్ షాపులో 5 అని రాయించుకున్నా, మందం కొలిచే కాలిపర్‌తో చూసి గానీ తీసుకోకండి. మొదట వచ్చిన ముక్క 4 కి కాస్త ఎక్కువ ఉంది. లారీలోంచి దించకుండానే వెనక్కి పంపాం.

టఫెన్డ్ అద్దం, అంటే కొలిమిలో వేడి చేసి గట్టిపరిచిన గాజుతో చేసింది, అడుగుతారు చాలామంది, సేఫ్టీ కోసం. గాజుని ముందు టఫెన్ చేసి, తర్వాత వెండి పూత వేయాలి. పూత వేశాక కొలిమిలో పెడితే పూత పోతుంది. పైగా టఫెన్ చేసిన గాజులో సన్నటి అలలు ఉంటాయి, కిటికీకి పర్లేదు గానీ అద్దంలో బయటపడతాయి. అందుకని మామూలు అద్దానికే వెనక సేఫ్టీ ఫిల్మ్ ఉన్నది తీసుకున్నాం. పగిలినా ముక్కలు ఆ ఫిల్మ్‌కే అంటుకుని ఉంటాయి.

మామూలు గాజులో ఇనుము వల్ల లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, అంచు వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. అది లేని ఎక్స్‌ట్రా క్లియర్ గాజు ఖరీదు ఎక్కువ. చెట్టు ఆకుల్ని చూపించే అద్దానికి ఆ ఛాయ వల్ల వచ్చిన నష్టమేమీ లేదు, వద్దన్నాను. బ్రాంజ్, గ్రే టింట్ అద్దాలు ఫ్యాషన్‌గా ఉన్నాయి, చూడటానికి బాగుంటాయి కూడా. అవి వెలుతురు మింగుతాయి. చీకటి హాలుకి పనికిరావు.

గోడకి ఎక్కించడం

ఈ పనిలో అసలు కష్టం ఇదే. ముందు గోడలో చెమ్మ ఉందేమో చూడాలి. ఒక ప్లాస్టిక్ కవరుని గోడ మీద పరిచి నాలుగు వైపులా టేపు అంటించి ఒకరోజు వదిలేస్తే, చెమ్మ ఉంటే కవరు లోపల నీటి బిందువులు కడతాయి. ఇక్కడ గోడ పొడిగానే ఉంది. కానీ ప్లాస్టరింగ్ సమంగా లేదు. ఆ మూల నుంచి ఈ మూలకి దారం లాగి చూస్తే మధ్యలో గోడ లోపలికి పోయింది. ఆ గోడకి నేరుగా అద్దం అంటిస్తే అద్దం కూడా దానితో పాటు వంగుతుంది.

అందుకే 12 ఎంఎం వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్‌ని ముందు గోడకి బిగించాం, గుంట ఉన్న చోట వెనక ప్యాకింగ్ ముక్కలు పెట్టి. స్పిరిట్ లెవెల్, పొడుగాటి అల్యూమినియం పట్టీ పెట్టి చూసుకుంటూ బిగించడానికే సగం పూట పట్టింది. ప్లై కింద అల్యూమినియం చానెల్ ఒకటి స్క్రూలతో బిగించాం. అద్దం బరువు మోయాల్సింది ఆ చానెల్, గమ్ము కాదు. గమ్ము అద్దాన్ని ముందుకి పడకుండా పట్టుకుంటుంది, అంతే.

గమ్ము అంటే ఇక్కడ సిలికాన్. హార్డ్‌వేర్ షాపులో సిలికాన్ అడిగితే తరచుగా చేతికిచ్చేది బాత్రూం గట్లకి వాడే రకం, మూత తీయగానే వెనిగర్ లాగా పుల్లటి వాసన వస్తుంది. ఆ ఆమ్లం అద్దం వెనక పూతని తినేస్తుంది. కొన్నాళ్లకి గమ్ము పూసిన చోటల్లా ముందు వైపు మరకలు తేలతాయి. న్యూట్రల్ సిలికాన్ అని ట్యూబు మీద రాసి ఉన్నదే కావాలి. పూసేటప్పుడు కూడా గుండ్రంగా కానీ, చుట్టూ మూసేసినట్టు కానీ పూయకూడదు. నిలువు గీతలుగా పూస్తే మధ్యలో గాలి ఆడుతుంది, గమ్ము సరిగ్గా ఆరుతుంది, చెమ్మ చిక్కుకోదు. మా గ్లాస్ కుర్రాళ్లకి ఇది చెప్పాల్సి వచ్చింది. వాళ్లు అలవాటుగా నాలుగు అంచుల వెంట పూయడం మొదలుపెట్టారు.

ఇద్దరు సక్షన్ కప్పులతో ఎత్తి చానెల్‌లో కూర్చోబెట్టి, పైన నొక్కి, టేపులు వేసి మర్నాటి దాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాం. చుట్టూ సన్నటి టేకు బీడింగ్, అంటే అంచు పట్టీ. ఫ్రేమ్ వెడల్పుగా, చెక్కడాలతో కావాలని ఇంటావిడ మొదట్లో అనుకున్నారు. అద్దంలో చెట్టు కనపడటం మొదలయ్యాక ఆవిడే వద్దన్నారు. సన్నటి ఫ్రేమ్ ఉంటే అది కిటికీ అనిపిస్తుంది.

మిగతా గదులు

పాసేజ్ చివర అద్దం పెడదామని ఇంటాయన ఆలోచన, పొడుగ్గా కనపడుతుందని. మూడున్నర అడుగుల పాసేజ్ ఇప్పటికే పొడుగ్గా, సన్నగా ఉంది. దాన్ని ఇంకా పొడిగించి చేసేదేముంది? "రాత్రి నీళ్లకి లేచినప్పుడు ఎదురుగా ఎవరో వస్తున్నట్టు ఉంటుంది అమ్మాయ్, నాకొద్దు" అన్నారు మామ్మగారు. నేనూ ఆవిడ పక్షమే. అక్కడ అద్దం లేదు, మోషన్ సెన్సర్ ఉన్న చిన్న లైటు పెట్టాం.

మాస్టర్ బెడ్‌రూమ్‌లో వార్డ్‌రోబ్ సరిగ్గా మంచానికి ఎదురుగా ఉంది. స్లైడింగ్ షట్టర్లకి నిలువెత్తు అద్దాలు కావాలని భార్యాభర్తల కోరిక. మంచానికి ఎదురుగా అద్దం ససేమిరా కుదరదని పెద్దావిడ. దీనికి మధ్యేమార్గం పాతదే: తెరుచుకునే షట్టర్ లోపలి వైపు అద్దం. తయారయ్యేటప్పుడు తెరుస్తారు, పడుకునేటప్పుడు మూసేస్తారు.

నిలువెత్తు మనిషి కనపడటానికి నిలువెత్తు అద్దం అక్కర్లేదు. మనిషి ఎత్తులో సగం ఉంటే చాలు, ఎంత దూరం నిలబడినా అంతే. పై అంచు కంటికీ నడినెత్తికీ మధ్యలో ఉండాలి, కింది అంచు కంటి ఎత్తులో సగం దగ్గర. ఆయన 5 అడుగుల 8 అంగుళాలు, ఆవిడ 5 అడుగుల 1. ఆయన తల కనపడాలి కాబట్టి పై అంచు ఐదున్నర అడుగుల దగ్గర. ఆవిడ చీర కుచ్చిళ్లు పాదాల దాకా కనపడాలి కాబట్టి కింది అంచు రెండడుగుల నాలుగంగుళాల దగ్గర. మొత్తం 38 అంగుళాలు. అటూ ఇటూ కదలడానికి కలిపి 42 వేశాం. 4 ఎంఎం అద్దం, పద్నాలుగు అంగుళాల వెడల్పు, నాలుగు కిలోల లోపే. అయినా ఆ షట్టర్‌కి ఒక హింజ్ అదనంగా వేయించాను. లేకపోతే ఏడాదికి షట్టర్ వాలుతుంది.

డైనింగ్ దగ్గర వాష్ బేసిన్ మీద పాత అద్దం రసం పోయి, కింది అంచంతా నల్లగా పాకిపోయి ఉంది. మొహం కడుక్కున్నప్పుడు చిందిన నీళ్లు అంచులోంచి లోపలికి చేరి పూతని తినేయడం వల్ల వచ్చేది ఇది. కొత్త అద్దాన్ని బేసిన్ గట్టుకి ఆనించకుండా ఎనిమిది అంగుళాలు పైకి జరిపి, అంచులు పాలిష్ చేయించి, న్యూట్రల్ సిలికాన్‌తో మూశాం. లైటు నెత్తి మీద కాక అద్దానికి రెండు పక్కలా, మొహం ఎత్తులో పెట్టాం. నెత్తి మీద లైటుంటే కళ్ల కింద నీడలు పడి, నిద్ర లేనట్టు కనపడతారు.

ఈశాన్యం మూల పూజా మందిరం వెనక అద్దం పెట్టమని ఇంటావిడ అడిగారు, దీపాలు రెండుగా కనపడతాయని. గుడిలో ఆ అందం వేరు. అక్కడ జాగా ఉంటుంది. అడుగు లోతు లేని మందిరంలో అద్దానికి దగ్గరగా దీపం పెడితే ఒకే చోట వేడెక్కి గాజు చిట్లవచ్చు, నూనె మసి రోజూ తుడవాలి. దాని బదులు సన్నటి ఇత్తడి రేకు వేశాం. దీపం వెలుగు దాని మీద మెత్తగా, పసుప్పచ్చగా పరుచుకుంటుంది.

బాల్కనీలో అద్దం గురించి మాటే వద్దన్నాను. పిచ్చుకలు, ఇంకా కొన్ని పిట్టలు అద్దంలో తమ నీడని చూసి వేరే పిట్ట అనుకుని ముక్కుతో పొడుస్తూనే ఉంటాయి, అలసిపోయే దాకా.

ఇప్పుడెలా ఉంది

వర్షాకాలంలో పని ముగిసింది. మబ్బు లేని రోజుల్లో మామ్మగారు పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాటే దాకా లైటు వేయకుండా పేపర్ చదువుతున్నారు. మధ్యాహ్నం రెండు తర్వాత లాభం లేదు, లైటు వేయాల్సిందే. సూర్యుడు పడమటికి వెళ్లిపోయాక తూర్పు బాల్కనీలోకి వచ్చేదే తక్కువ, అద్దం దాన్ని పెంచలేదు. ఇది పని మొదలుపెట్టక ముందే చెప్పాను, అయినా ఇంటాయన "సాయంత్రం కూడా వస్తుందేమో అనుకున్నాను" అంటుంటారు.

హాలు డబుల్ సైజు కనపడుతోందా అంటే, లేదు. కానీ వచ్చినవాళ్లు ఆ గోడ అవతల కూడా ఏదో ఉందనుకుంటారు. డైనింగ్‌లో కూర్చున్న చుట్టాలు "ఇటు కూడా కిటికీ ఉందా?" అని అడిగారట.

ఖర్చులో గాజు ధర సగం కూడా లేదు. ప్లైవుడ్, చానెల్, టేకు బీడింగ్, ఎత్తి పెట్టే కూలీ, టీవీ యూనిట్ కోత, వాల్ ల్యాంప్ వైరింగ్ కలిపితేనే ఎక్కువైంది. అద్దం చదరపు అడుగు ఎంత అని ఫోన్‌లో అడిగేవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇదే.

శుభ్రం చేయడం గురించి పనమ్మాయికి ఒకసారి చూపించాను. నీళ్లు కానీ స్ప్రే కానీ అద్దం మీద కొట్టకూడదు, కారి కింద చానెల్‌లోకి దిగుతాయి. గుడ్డ మీద కొట్టుకుని తుడవాలి, ఆ తర్వాత పొడి గుడ్డ. చానెల్ అడుగున నీళ్లు పోవడానికి రెండు చిన్న రంధ్రాలు ముందే పెట్టించాం, వాటిని మైనంతోనో పుట్టీతోనో మూయొద్దని పెయింటర్‌కి కూడా చెప్పాం. మూడడుగుల ఎత్తులో మాత్రం ఎప్పుడు చూసినా బాబు వేలిముద్రలు ఉంటాయి, వాటిని తుడవడం మానేశామని ఇంటావిడ అన్నారు.

పక్క బిల్డింగ్ వాళ్లు టెర్రస్ మీద ఇంకో గది వేస్తున్నారని విన్నాను. అది దక్షిణం మూల దాకా రాకపోతే మనకి ఇబ్బంది లేదు. వస్తే అద్దాన్ని ఎటు జరపాలో చూడాలి, ప్లై బ్యాకింగ్‌ని టీవీ వైపు ఎనిమిది అంగుళాలు అదనంగా వదిలింది అందుకే.